రాసిందే జరిగిందా?

లెక్కల పాఠాలు చెప్పి రిటైరైన ఔసేప్ మాష్‌కు, అంటే ఔసేప్ మాస్టారికి, ఉన్నది ఒకే ఒక్క జబ్బు. మనిషి ఏం చేస్తానన్నాడో అదే చేశాడా లేదా అని చూడకపోతే ఆయనకు అన్నం సహించదు.

మేనకోడలి పెళ్ళిలో వరుడు "కష్టంలోనూ తోడుంటాను" అని ప్రమాణం చేశాడు. అందరూ బిర్యానీ తిని మరిచిపోయారు. మాష్ మాత్రం వారం తిరక్కుండా వాళ్ళింటికి వెళ్ళి, "అయితే అంట్లు ఎవరు తోముతున్నారు?" అని అడిగి వచ్చారు.

అలాంటి మనిషికి త్రిశూర్‌లో మా ప్రత్యేక పిల్లల బడిలో తగిన పనే దొరికింది. మాటలు రాని పిల్లలకు మేం నేర్పే పద్ధతి కాగితం మీద రాసుకున్నది రాసుకున్నట్టు అమలవుతోందా అని కొలవడం. వెనక బెంచీ మీద కూర్చుని, పిల్లల్ని వదిలేసి, మాకు మార్కులు వేసేవారు. గంట కొట్టగానే నాకు ఒకటే ప్రశ్న.

"టీచరూ, రాసిందే జరిగిందా?"

"దాదాపు జరిగింది మాష్."

"దాదాపు ఈతొచ్చినవాణ్ణి ఏట్లో దింపుతావా?"

ఆ ఏడు జెరిన్ అనే ఆరేళ్ళవాడి సంగతి తేలాల్సి వచ్చింది. దాహమేస్తే గ్లాసు బొమ్మ ఉన్న అట్టముక్క తీసి మన చేతిలో పెట్టాలి. అదే వాడి పాఠం. నెలలు గడిచినా పెట్టలేదు.

"వీడికి ఈ పద్ధతి పనిచెయ్యదు. పంపించేద్దాం," అన్నారు బడి పెద్ద అయిన సిస్టర్. జెరిన్ వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

మాష్ లేచారు. "పనిచెయ్యలేదంటారేమిటి సిస్టర్? అసలు చేస్తేగా! వాడు చెయ్యి కదిపేలోపే మన త్రేస్య నీళ్ళు తెచ్చేస్తుంది."

మేమంతా చేచ్చి, అంటే అక్క, అని పిలిచే ఆయా త్రేస్య నడుం మీద చేతులు వేసుకుంది. "పసివాడి నోరెండుతుంటే చూస్తూ కూర్చోమంటారా? మీది గుండెకాయా, గుండ్రాయా?"

"నీది వెన్న. ఆ వెన్నలోనే వాడి చెయ్యి జారిపోతోంది! ఒక్క ఊపిరి పీల్చి వదిలేంతసేపు ఆగమన్నాం. ఆగావా?"

"దాదాపు..." అని నసిగింది చేచ్చి.

"చూశారా సిస్టర్? సున్నా మాకు వెయ్యండి, వాడికి కాదు."

పెద్దవాళ్ళ మార్కుల దగ్గర ఆయన అంత పిసినారి ఎందుకయ్యారో నాకు అప్పుడు తెలిసింది. సిస్టర్ ఇంకో నెల గడువిచ్చారు.

ఆ నెలంతా చేచ్చి గ్లాసు వీపు వెనక దాచుకుని, పళ్ళు బిగబట్టి, ఊపిరి పీల్చి వదిలేది. ఆ వదలడం బస్టాపు దాకా వినిపించేది.

ఒక మధ్యాహ్నం జెరిన్ లేచాడు. చేచ్చిని దాటాడు. నన్నూ దాటాడు. వెనక బెంచీ దగ్గరికి వెళ్ళి అట్టముక్క మాష్ చేతిలో పెట్టాడు.

పద్ధతి ప్రకారం ఆయన నెమ్మదిగా "నీళ్ళు" అని, గ్లాసు అందించాలి. అంతే. మాష్ గావుకేక పెట్టారు. వాణ్ణి ఎత్తుకుని గిరగిరా తిప్పారు. తన టిఫిన్ డబ్బాలోని అరటిపండు బజ్జీ వాడి నోట్లో కుక్కారు. మా వైపు చెక్క వేసి కాచే గులాబిరంగు తాగేనీళ్ళు మాత్రం గ్లాసులో ఉన్నచోటే ఉన్నాయి.

జెరిన్ బజ్జీ నమిలి మింగాడు. కింద పడిన అట్టముక్క ఏరి, ఓపిగ్గా మళ్ళీ ఆయన చేతిలో పెట్టాడు.

"ఏం మాష్, రాసిందే జరిగిందా?" అంది త్రేస్య చేచ్చి.

మాష్ గ్లాసు అందిస్తూ కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"దాదాపు," అన్నారు.