తొవ్వ మీద ఎర్రసిరా

1969 వేసవిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమపు బందు నడుస్తున్న ఒక ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కిరాయి ఇంటి నుంచి సైకిల్ మీద బయలుదేరాను. మా క్రైస్తవ సంఘం కూడుకునే రేకుల గది ఇప్పటి ఎల్.బి.నగర్ కూడలికి రెండు వందల మీటర్లు ఇవతల ఉండేది. దూరం మూడు వేల నాలుగు వందల మీటర్లు. చక్రానికి గుడ్డపీలిక కట్టి, చుట్లు లెక్కపెట్టి, నేనే కొలిచాను. మామూలుగా పదిహేను నిమిషాల ప్రయాణం. ఆ రోజు కొత్తపేట దగ్గర రోడ్డుకు అడ్డంగా పేర్చిన రాళ్లను దాటేసరికి వెనుక ట్యూబు చిరిగింది. మిగతా దూరం సైకిల్‌ను నడిపించుకుంటూ వెళ్లాను. ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది.

బస్సులు లేక మా పాస్టరుగారు నగరం అవతలి నుంచి మూడు వారాలుగా రాలేకపోయారు. ఆయన కబురు స్పష్టంగా ఉంది. సంఘంలోని తాపీమేస్త్రి ఆ ఆదివారం వాక్యం చెప్పగలిగితే ఆయన్ని సంఘపెద్దగా నియమిస్తారు. చెప్పలేకపోతే బస్సులు తిరిగేవరకు ఆ గదిలో ఆరాధన ఉండదు. ఆయన్ని సిద్ధం చేసే పని నాకు అప్పగించారు. నేను గుంటూరు నుంచి వచ్చి నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్నవాణ్ణి. ఆయనది నల్లగొండ దగ్గరి పల్లె, చదువు నాలుగో తరగతి.

ఆ ఆదివారానికి ముందు నాలుగు సాయంత్రాలు కూర్చున్నాం. తప్పిపోయిన గొర్రె గురించి ఆయన ఏడు కాగితాలు రాసుకొచ్చారు. వాటిలో పదకొండు చోట్ల ‘తొవ్వ’ అని ఉంది. పునాదులు తీయించే మనిషి కనుక కలంలోకి తవ్వడమనే మాటే వస్తోందనుకుని, పదకొండు చోట్లా ఎర్రసిరాతో ‘త్రవ్వ’ అని దిద్దాను. అప్పటికీ వాక్యాలు కుదరలేదు. గొర్రెకు తవ్వకంతో పనేమిటన్నది నాకు బోధపడలేదు. చివరికి గొర్రెనే తీసేసి, బండ మీద ఇల్లు కట్టినవాడి ఉపమానం పెట్టి, పునాది లోతుతో సహా ప్రసంగమంతా నేనే తిరగరాశాను. మేస్త్రి ఆ ఎర్రగీతల వైపు చూశారు.

“మీరు సదువుకున్నోళ్లు సారూ, మీకే ఎరుక,” అని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ ఆదివారం ముప్పై ఒక్కమంది వచ్చారు. మేస్త్రి నా ప్రసంగాన్ని, నా యాసలోనే, ‘అండీ’లతో సహా అప్పజెప్పడం మొదలుపెట్టారు. నాలుగో నిమిషంలో ఆగిపోయారు. నేను గడియారం చూస్తున్నాను. నలభై సెకన్లు గడిచాయి. వెనుక వరుసలో ఒకాయన చెప్పుల కోసం కాళ్లతో వెతుకుతున్నాడు.

“సారు రాసింది యాదికొస్తలేదు,” అన్నారు మేస్త్రి. “నాకెరుకైంది చెప్త. చిన్నప్పుడు నేను గొర్లు కాసినోన్ని. ఒకపాలి ఒక గొర్రె తొవ్వ తప్పింది. మనం గూడ గంతే. మనకు తొవ్వ సూపెట్టెటోడు కావాలె.”

ముందు వరుసలో మా జిల్లా నుంచే వచ్చిన టీచరమ్మగారు ఉన్నారు. బడిలో అలవాటు కాబోలు, అర్థం కానిది అక్కడికక్కడే అడిగేవారు.

“తవ్వి చూపించడమేమిటండీ?”

“తవ్వుడు గాదమ్మా, తొవ్వ. మీరు ఇంటి కాడ్నుంచి గీడికి నడిచొచ్చిండ్రు సూడు, గదే తొవ్వ. ఆరు దినాలు తవ్వుతనే ఉన్న, ఆదివారం గూడ తవ్వమంటనా?”

గది అంతా నవ్వింది. టీచరమ్మగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. తొవ్వ అంటే దారి అని నాకూ అప్పుడే తెలిసింది. పదకొండు గీతలూ ఒక్కొక్కటే కళ్లముందు తిరిగాయి. తలవంచుకుని నవ్వాను.

“గొర్రెకు తొవ్వ ఎరుకుండదు,” అన్నారు మేస్త్రి, నవ్వులు తగ్గాక. “కాపరి గొంతు ఎరుకుంటది.”

ఆ తరువాత మరో ఇరవై రెండు నిమిషాలు కాగితం ముట్టకుండా మాట్లాడారు. చెప్పుల కోసం వెతికినాయన కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. బయటికి వస్తూ టీచరమ్మగారు, వచ్చే వారం కూడా ఆయనే చెప్పాలనీ, అయితే తవ్వించవద్దనీ అన్నారు. పాస్టరుగారికి ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. గది మూతపడలేదు. మేస్త్రి సంఘపెద్ద అయ్యారు. ఆ తరువాత ఎవరిని సిద్ధం చేసినా ముందు వాళ్ల మాటలకు అర్థం అడిగి, తరువాతే కలం తీశాను.

ఖర్చు: నాలుగు సాయంత్రాలు, ఏడు కాగితాలు, ఒక సైకిల్ ట్యూబు. నష్టం: ఆ గొడవలకు భయపడి నెలాఖరులో గుంటూరు వెళ్లిపోయిన రెండు కుటుంబాలు. ఒకటి తిరిగి వచ్చింది. టీచరమ్మగారిది రాలేదు.