తోడల్లుడి ఇంటి సిగ్నల్

మా ఊరు నాగాయలంక దాటాక, రోడ్డు సన్నబడి రొయ్యల చెరువుల మధ్యకు దిగిపోయే చోట ఉంటుంది. సెల్ టవరు ఉంది గాని బాగా దూరం. కాలవ గట్టెక్కితే ఫోన్ పలికేది, ఇంట్లోకి రాగానే మూగబోయేది. ఊరంతటికీ అదే బాధ కనక ఎవరికీ అది బాధగా తోచేది కాదు. నా తోడల్లుడు తన ఇంట్లో సిగ్నల్ పెట్టె బిగించుకున్నాక అది నా ఒక్కడి బాధ అయింది.

పెట్టె అంటే పెద్దదేమీ కాదు, టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దానికి ఇంటర్నెట్ వైరు తగిలిస్తే చుట్టుపక్కల నాలుగు గదుల మేర చిన్న టవరులాగా పనిచేస్తుంది. ఖరీదైన ఫోన్లున్నవాళ్లకు వైఫై మీదే మాటలు వెళ్లిపోతాయి గాని, మా రైతుల చేతుల్లో ఉండేవి చాలావరకు బటన్ ఫోన్లు. నీళ్లలో పడినా, ఉప్పు గాలి తగిలినా బతుకుతాయని అవే వాడతారు. వాటికి ఈ పెట్టే దిక్కు.

నా సంగతి కొంచెం చెప్పాలి. పదో తరగతితో నా చదువు ఆగింది, లెక్కలు మాత్రం ఆగలేదు. ఎవరూ నేర్పకుండానే రొయ్యల లెక్క పట్టుబడింది. రైతు చెరువులో విసురువల వేసి నాలుగు దోసిళ్ల రొయ్యల్ని బకెట్లో తెస్తాడు. నేను తూచి, లెక్కపెట్టి, కిలోకి ఎన్ని తూగుతున్నాయో చెబుతాను. దాన్నే కౌంటు అంటారు. ఆ కౌంటుకి సాయంత్రం రొయ్యలు కొనే ఏజెంట్లు చెప్పే రేటెంత, ఇంకో వారం ఆగితే మేతకు ఎంత పోతుంది, రొయ్య ఎంత పెరుగుతుంది, ఇవన్నీ కలిపి ఇప్పుడే చెరువు పట్టుబడి చేసి అమ్మేయాలా, ఆగాలా అనేది తేల్చేవాణ్ణి. ఒక్క పైసా తీసుకునేవాణ్ణి కాదు, కాఫీలు కూడా మావే. నాకు కావలసింది వాళ్లు వచ్చి మా వరండాలో కూర్చోవడం. చిన్నా పెద్దా అందరికీ నేను లెక్కల మావయ్యని.

రేటు మాత్రం ఫోన్‌లోనే రావాలి. పూర్వం ఎవరో ఒకరు గట్టెక్కి ఏజెంటుతో మాట్లాడి వచ్చి మా వరండాలో చెప్పేవాళ్లు. తోడల్లుడి ఇంట్లో పెట్టె వచ్చాక గట్టెక్కే పని పోయింది. రేటు అతని అరుగు మీదే మోగేది. రేటు విన్న చోటే మనిషి కూర్చుంటాడు. కూర్చున్న చోటే లెక్కా అయిపోతుంది. అతని ఫోన్‌లో లెక్కల మిషనుంది, ఒకరు అంకెలు చెప్తే ఒకరు నొక్కుతారు. పెరుగుదల కలపాలని, చచ్చిపోయేవి తీసేయాలని వాళ్లలో ఒక్కడికీ తట్టేది కాదు. అయినా అక్కడే కూర్చునేవాళ్లు.

నేను మా మావగారింటికి పెద్దల్లుణ్ణి, అతను చిన్నల్లుడు. పీట వేసినా, పట్టు పంచె పెట్టినా ముందు నాకే. అతను నన్ను అన్నయ్యగారూ అనే పిలుస్తాడు, ఎప్పుడూ మర్యాద తప్పలేదు. అందువల్ల కోపం తెచ్చుకోవడానికి నాకు ఏమీ దొరికేది కాదు. ఉక్రోషం మాత్రం రోజూ ఉండేది. సాయంత్రం పనేమీ లేకపోయినా వాళ్ల వీధి మీదుగా నడిచి, అరుగు ముందున్న చెప్పుల జతలు లెక్కపెట్టుకుని ఇంటికి వచ్చేవాణ్ణి.

చివరికి నేనూ ఒక పెట్టె కొన్నాను. అతను గుడివాడలో కొన్నాడు, అందుకని నేను బందరు వెళ్లి కొన్నాను. అదే పెట్టె. బస్సులో వస్తూ దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాను.

తెచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టి వైరు తగిలించాను. దానికి మూడు దీపాలున్నాయి. కరెంటు దీపం వెలిగింది, ఇంటర్నెట్ దీపం వెలిగింది. మూడోది ఎర్రగా మిణుకుమంటూ ఉండిపోయింది. అది పచ్చబడితేనే ఫోన్లు పలుకుతాయి.

వరసగా చూసుకుంటూ పోతే ఏ తప్పైనా దొరుకుతుందని నా నమ్మకం. వైరు మార్చాను. పెట్టె ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ వేశాను. ఇంటర్నెట్ పెట్టిన కేబుల్ అతన్ని పిలిపిస్తే, నెట్ నిక్షేపంగా ఉందని తన ఫోన్‌లో ఒక సినిమా పాట పెట్టి చూపించి వెళ్లాడు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరిగేటప్పుడు కరెంటు తగ్గుతుందేమోనని, అవి ఆపిన వేళ చూశాను. వోల్టేజి మీటరు అంకెల్లో తేడా కనిపించింది గాని దీపంలో ఏ తేడా లేదు.

కంపెనీకి ఫోన్ చేయాలంటే గట్టెక్కాలి. గట్టు మీద నిలబడి, గాలి హోరులో, ఇంట్లో పెట్టిన పెట్టె గురించి మాట్లాడాను. అవతల అమ్మాయి ఓపిగ్గా వింది. ఎర్ర దీపం అంటే పెట్టెకు తాను ఎక్కడుందో తెలియలేదని అర్థమట. పైనున్న ఉపగ్రహాల నుంచి అది తన చోటు తెలుసుకోవాలి. తెలిసేదాకా సిగ్నల్ ఇవ్వకూడదని నిబంధన. కిటికీ దగ్గర పెట్టి చూడండి సార్ అంది.

మా ఇంట్లో కిటికీలకు లోటు లేదు. ఒక్కో కిటికీ దగ్గర ఒక పూట పెట్టాను. దీపం మారలేదు. మారకపోయే కొద్దీ నా మనసులో ఒకటే మాట: గుడివాడలో అతనికి మంచి పెట్టె పడిందని, బందరులో నాకు చెడ్డది అంటగట్టారని. అదే కంపెనీ, అదే మోడల్ అని నాకు తెలుసు. అయినా ఆ మాట వదలలేదు.

ఆ వారమే తోడల్లుడి కుటుంబం పిల్లవాడికి చెవులు కుట్టించడానికి మోపిదేవి వెళ్తూ, ఇంటి తాళం చెవి మాకు ఇచ్చి వెళ్లారు. గేదెకు కుడితి పెట్టమని మా ఆవిడకు చెల్లెలు చెప్పింది. నేనూ వెంట వెళ్లాను. ఆవిడ దొడ్లోకి వెళ్లగానే ఫోన్ తీసి గది గదికీ తిరిగి సిగ్నల్ చూసుకున్నాను. ఫోన్‌లో లోపల ఒక చోట సిగ్నల్ బలం అంకెల్లో కనిపిస్తుంది. అది మైనస్‌లో ఉంటుంది. మైనస్ నూట ఇరవై అంటే పీనుగ, మైనస్ ఎనభై అంటే గుండెకాయ. మా ఇంట్లో ఎప్పుడూ నూట పధ్నాలుగుకు తక్కువ చూడలేదు. అతని వంటింట్లో, మసిపట్టిన గోడ పక్కన, డెబ్బై ఆరు.

మా ఆవిడ కుడితి బకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

"చెల్లెలి ఇంట్లో గోడలకు ఫోన్ ఆనించి ఏం చూస్తున్నారండీ? నాడి కొట్టుకుంటోందా?"

"పెట్టె ఒకటే కదా, మరి ఇక్కడెందుకు పలుకుతోందీ అని."

"కింద చూస్తే ఏం తెలుస్తుంది? పైకి చూడండి."

చూశాను. అతనిది పాత పెంకుటిల్లు. నడవలో వెలుతురు కోసం పెంకుల మధ్య ఒక గాజు పెంకు వేసి ఉంది. అందులోంచి ఎండ పలకలాగా దిగి, అలమర మీది పెట్టెను తాకుతోంది. దాని మూడో దీపం ఆ ఎండలో కూడా పచ్చగా కనిపించింది.

మా ఇల్లు కూడా ఒకప్పుడు పెంకుటిల్లే. నేనే పడగొట్టించి స్లాబు వేయించాను. ఎండ దిగకూడదని స్లాబు మీద రేకుల షెడ్డు కూడా వేయించాను. కిటికీలకు మందపాటి సజ్జాలు, దోమలకు ఇనుప జాలీలు. అతను ఇంకా పెంకుల కింద ఉంటున్నాడని గృహప్రవేశం నాడు నాకు ఎంత తృప్తిగా ఉందో నాకు గుర్తుంది. ఇప్పుడు పెట్టెకు ఆకాశం చూపించే ఆ గాజు పెంకు ఒక్కటి మా ఇంటి మీద ఉంటే ఎంత బాగుండునో అనిపించింది.

మర్నాడు పెట్టెను మేడ మెట్ల పైన ఉన్న గదికి చేర్చాను. అక్కడ తూర్పున ఒక కిటికీ ఉంది, దానికి సజ్జా లేదు, జాలీ లేదు. షెడ్డు రేకులు అంతదాకా రావు. కింది నుంచి పొడవాటి వైరు లాగించాను. భోజనం చేసి వచ్చేసరికి దీపం పచ్చబడింది. ఫోన్ తీసి హాల్లోకి దిగాను, ఎనభై రెండు. వరండాలో ఎనభై ఎనిమిది. అతని ఇంటి డెబ్బై ఆరంత బలం లేదు, అయినా మాట పలుకుతుంది. మా ఆవిడ వాళ్ల చెల్లెలికి ఫోన్ చేసి మాట్లాడింది. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందని నాకు తెలుసు.

ఆ సాయంత్రం వరండా కడిగించి కుర్చీలు వేయించాను. పాలు ఎక్కువ తీసుకోమన్నాను. రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాను. చీకటి పడే వేళకు దక్షిణం వైపు ఆరెకరాల చెరువు రైతు ఒకడు వచ్చాడు. నాకు ఒళ్లు పొంగింది. అతను కూర్చుని, చొక్కా జేబులోంచి బటన్ ఫోన్ తీసి, చూసి, చేతిలో తట్టి, మళ్లీ చూశాడు.

"మీకు ఇంకా రాలేదా మావయ్యా? చిన్న మావయ్యగారింటి దగ్గర గేటు కాడే మోగుద్ది."

నా ఫోన్ తీసి చూపించాను, నిండుగా సిగ్నల్. అతని దాంట్లో ఏమీ లేదు. అతను నన్ను నొప్పించకూడదని కాసేపు కూర్చుని, కాఫీ తాగి, ఏజెంటు ఫోన్ చేసే వేళైందని లేచాడు. ఎటు వెళ్లాడో చెప్పక్కర్లేదు.

సంగతి నాకు అప్పుడు వెలిగింది. ఆ పెట్టె కంపెనీ దగ్గర మనం నమోదు చేసిన నంబర్లకే పలుకుతుంది. బిగించిన రోజు నా నంబరూ మా ఆవిడ నంబరూ మాత్రమే ఇచ్చాను. పెట్టె ఒకేసారి నాలుగు మాటలే మోస్తుంది కాబట్టి, ఇద్దరమే ఉంటే ఎప్పుడూ ఖాళీ ఉంటుందని లెక్క వేశాను. ఆ లెక్కలో తప్పు లేదు. అతను ఆ లెక్క వేయలేదు, అడిగినవాళ్లందరి నంబర్లూ, నేను అడక్కపోయినా నాదీ ఎక్కించేశాడు. అతని వంటింట్లో నా ఫోన్ పలికింది అందుకే.

నేనూ ఎక్కిద్దామని కూర్చున్నాను. ఎక్కించడానికి నా దగ్గర ఒక్క నంబరూ లేదు. ఎవరి చెరువు ఎంత లోతో, ఎన్ని పిల్లలు వేశారో, పూటకు ఎంత మేత పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఫోన్ నంబరు మాత్రం ఎవరిదీ ఎప్పుడూ అడగలేదు. వాళ్లే వచ్చేవాళ్లు, నాకేం అవసరం?

ఇక అతని దగ్గరకు వెళ్లక తప్పలేదు. పెద్దల్లుడు చిన్నల్లుడి గుమ్మంలోకి అడగడానికి వెళ్లడం ఎంత కష్టమో మా వైపు వాళ్లకే తెలుస్తుంది. మోపిదేవి ప్రసాదం ఇంకా రాలేదనే వంకతో వెళ్లాను. వంక ఎక్కువసేపు నిలవలేదు.

"నంబర్లా అన్నయ్యగారూ? మీరు కబురు పెడితే నేనే తెచ్చేవాణ్ణి కదండీ. రాసుకోండి."

తన ఫోన్ చూస్తూ చదివాడు. ప్రతి నంబరుకూ ఒక ముచ్చట. ఇతనికి రెండు సిమ్ములు, రెండోది వాళ్లావిడకు తెలీదు, అది మాత్రం మీ పెట్టెలో పెట్టకండి. ఇతను మాట్లాడితే మీ ఆవిడగారు చెవుల్లో దూది పెట్టుకోవాలి. వీళ్ల గురించి ఇన్ని సంగతులు అతనికి ఎప్పుడు తెలిశాయి? ఇన్నేళ్లూ వాళ్లు నా దగ్గర కౌంటు తప్ప ఇంకోటి మాట్లాడలేదు. నేనూ అడగలేదు. ముచ్చట్లు వదిలేసి అంకెలు మాత్రం రాసుకున్నాను.

"నాదీ పెట్టండి," అన్నాడు చివర్లో. "మా ఇంట్లో నాకే లైను దొరకటం లేదు. మీ వరండాలో కూర్చుని మాట్లాడుకుంటా."

నవ్వుతూనే అన్నాడు. వద్దనడానికి కారణం వెతికాను, దొరకలేదు. అతని నంబరు కూడా ఎక్కించాను.

రెండు రోజులకు అతనే మొదట వచ్చాడు. కుర్చీ లాక్కుని, ఏజెంటుతో మాట్లాడి, ఆ వెంటనే తన అరుగు మీద కూర్చున్నవాళ్లకు ఫోన్ చేశాడు.

"ఇక్కడ గాలి బాగుంది, లైనూ ఖాళీ. బకెట్లు పట్టుకొచ్చేయండి. మీరంతా మిషను నొక్కి చేసే లెక్క కంటే ఇక్కడ అన్నయ్యగారి లెక్కే నమ్మకం."

వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు, బకెట్లతో, ఫోన్లతో. వరండా నిండింది. మూడు ఫోన్లు ఒకేసారి మోగాయి, అన్నీ పలికాయి. ఆరెకరాల రైతు తన బకెట్ నా ముందు పెట్టాడు. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది అదే. నేను తూచి, రొయ్యల్ని పళ్లెంలో పోసి, లెక్కపెట్టాను. కౌంటు తేలింది, ఆగమనే చెప్పాలి. చెప్పడానికి తల ఎత్తేసరికి, తోడల్లుడు మోపిదేవిలో చెవులు కుట్టేటప్పుడు పిల్లవాడు కంసాలి వేలు కొరికిన కథ చెబుతున్నాడు. వరండాలోని తలలన్నీ అతని వైపే తిరిగి ఉన్నాయి, ఆరెకరాల రైతుది కూడా.

కౌంటులో తప్పు లేదని నాకు తెలుసు. అయినా పళ్లెం దగ్గరకు లాక్కుని, అతని కథ అయ్యేదాకా, ఆ రొయ్యల్నే మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను.