సలహా అమ్మిన మేడమ్

మొన్న ఆదివారం పొద్దున్నే గుణదల నుంచి ఫోన్ వచ్చింది. మా మేడమ్ నిద్రలోనే పోయారని ఆవిడ తమ్ముడు చెప్పారు. "అక్క చివరిదాకా హాయిగానే ఉందండీ" అని నన్నే ఓదార్చారు.

తొంభైల చివర్లో ఆవిడ కామర్స్ లెక్చరర్ ఉద్యోగం మానేసి, పటమటలో ఒక మందుల షాపు పైన ఆఫీసు తెరిచారు. ఇంటర్నెట్‌తో వ్యాపారం ఎలా పెంచుకోవాలో వ్యాపారులకు చెప్పడం పని. ఎం.సి.ఏ. అయ్యాక నేను అక్కడ చేరితే, "ఇంతకీ మీరేం అమ్ముతారమ్మా?" అని చుట్టాలు అడిగేవారు. "సలహా" అంటే నవ్వేవారు.

మాకు తగిలిన మొదటి పెద్ద బేరం వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారిది. పక్క షాపుకు వెబ్‌సైట్ ఉంది కాబట్టి తనకూ కావాలన్నారు. మేడమ్ రోజంతా ఆయన కొట్లో కూర్చుని, సాయంత్రం టీ తాగుతూ చెప్పారు.

"మీకు వెబ్‌సైట్ ఇప్పుడే అక్కర్లేదండీ. ఫోన్ మోగుతుంటే ఎత్తే దిక్కు లేదు. ముందు ఓ మనిషిని పెట్టుకోండి."

బయటికొచ్చాక నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఇలాగైతే మనమెట్లా బతుకుతామండీ?"

"ఆయన మళ్ళీ వస్తారు, చూడమ్మా."

ఆయన రాలేదు. ఈలోగా హైదరాబాదులో ఇంటర్నెట్ కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నా క్లాస్‌మేట్లు పెట్టెలు సర్దుకుని వచ్చేశారు. మా నాన్న బ్యాంకు పరీక్షల పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టారు.

"ఈ ఫీల్డ్‌కి భవిష్యత్తు ఉందంటారా మేడమ్?" అని అడిగేశాను.

"కంప్యూటర్లు మారతాయి, కంపెనీలు పోతాయి. కొనేవాడు ఎక్కడున్నాడోనని అమ్మేవాడికి దిగులు మాత్రం ఉంటుంది. అది తీర్చగలిగినన్నాళ్ళు మనకు పనుంటుందమ్మా. పరీక్ష రాస్తానన్నావనుకో, సంతోషంగా సెలవిస్తాను."

నేను రాయలేదు. ఆ పుస్తకాలు మా తమ్ముడికి అక్కరకొచ్చాయి.

కొన్నాళ్ళకు బందరు వైపు నుంచి ఎండు రొయ్యల వ్యాపారం చేసే భార్యాభర్తలు వచ్చారు. "అబద్ధం చెప్పని మేడమ్ ఉన్నారు, వెళ్ళండి" అని పంపింది ఆ స్టీలు వ్యాపారేనట! దళారి చెప్పిన ధరకు తలూపడం తప్ప వాళ్ళకు దారి లేదు. వాళ్ళింట్లోనే ఓ కంప్యూటర్ పెట్టించి, దూరపు ఊళ్ళ వ్యాపారులకు ఈమెయిల్ రాయడం ఆ ఇల్లాలికి మేడమే నేర్పారు. ఆమె చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతికి కొట్టింది.

"ఇది చేరినట్టు ఎట్టా తెలుస్తదమ్మా?"

"జవాబొస్తే తెలుస్తుంది. రాకపోతే ఇంకొకరికి రాద్దాం."

ఆ తర్వాత మాకు పని కరువు కాలేదు. ఇవాళ నాకూ సొంత ఆఫీసుంది, ఈ పని నేర్చుకుంటామని పిల్లలు వెతుక్కుంటూ వస్తున్నారు. మేడమ్ ఇదంతా కళ్ళారా చూసి వెళ్ళారు.

అప్పట్లో కలకత్తా నుంచి మొదటి జవాబొచ్చిన రోజు మేం ఆ రొయ్యల వ్యాపారుల ఇంట్లోనే ఉన్నాం. పెరట్లో రొయ్యలు ఆరబోస్తున్న ఆడవాళ్ళంతా లోపలికొచ్చి కంప్యూటర్ చుట్టూ మూగారు. ఆ ఇల్లాలు కూడబలుక్కుంటూ చదువుతోంది. మా మేడమ్ అందరి వెనకా గోడవార నిలబడి, ముందువాళ్ళ భుజాల మీదుగా తెర కనబడాలని మునివేళ్ళ మీద లేచి చూస్తున్నారు.