అత్త దిద్దుకున్న సాక్ష్యం

పోయిన శనివారం పొద్దున ఖరగ్‌పూర్ నుంచి నాన్న ఫోన్ చేశాడు. మామూలుగా ఫోన్లో నాన్న అరుస్తాడు, అవతలివాళ్లకి వినపడదని ఆయన అనుమానం. ఆ రోజు మెల్లగా మాట్లాడాడు. "మీ అత్త ఎల్లిపోనాదే. పొద్దుటే టీ అడిగినాది. నాను తెచ్చేలోపల ఎల్లిపోనాది." ఆ టీ ఏం చేశావు నాన్నా అని అడిగాను. చావు కబురు విని ఎవరైనా అడగాల్సిన మాటేనా అది? నా బుర్ర అంతే, చిన్నప్పటినుంచీ. అది అంతేనని, అందులో నా తప్పేమీ లేదని నలుగురిలో నిలబడి చెప్పిన మనిషి మా అత్త.

అత్త అంటే నాన్నకి అక్క. నా పసితనంలోనే అమ్మ పోతే, అప్పటికే భర్తని పోగొట్టుకున్న అత్త ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని తెలుగు రైల్వే కుటుంబాల మధ్య ఉన్న మా క్వార్టర్‌కి ఒక ట్రంకు పెట్టెతో వచ్చేసింది. నాన్న గూడ్సు బండి గార్డు, ఇంట్లో కంటే లైను మీదే ఎక్కువ ఉండేవాడు. పెంపకమంతా అత్తదే. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చర్చిలో ఆవిడ పాట అందుకుంటే హార్మోనియం ఉందో లేదో తెలిసేది కాదు. ఖరిదా బజారులో చేపలవాడితో బెంగాలీలో, రిక్షావాడితో హిందీలో, దేవుడితో తెలుగులో బేరాలాడేది. ముగ్గురి దగ్గరా సాధారణంగా ఆవిడదే పైచేయి.

నేను కుదురు లేని పిల్లని. అల్లరి అంటే సరిపోదు, అల్లరి పిల్లలకి తాము ఏం చేస్తున్నదీ తెలుస్తుంది. లెక్క మొదలుపెట్టేదాన్ని. ఇంజను కూత వినపడితే మనసు దాని వెంట పోయేది. తిరిగొచ్చి ఇంకో లెక్కకి జవాబు రాసేదాన్ని. ఒక్క కాలికే బూటుతో ఇంటికొచ్చిన రోజులున్నాయి. తొంభైల నడుమ, నేను నాలుగో తరగతిలో ఉండగా, హెడ్‌మిస్ట్రెస్ అత్తని పిలిచి, ఇలాగే ఉంటే టీసీ తీసుకుపొమ్మంది. అత్త ఆ రోజు నన్ను కొట్టలేదు. రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు కలకత్తాలో పిల్లల మనసు సంగతులు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపాడు.

ఆవిడ నన్ను రెండు మూడుసార్లు పిలిపించి, ఆడించి, అడిగి, చివరికి ఒక మాత్ర రాసింది. మెదడుని హుషారు చేసే మందు అని చెప్పింది. అత్త కుర్చీలోంచి లేచినంత పని చేసింది. అక్కడ బెంగాలీలో అన్న మాటనే ఇంటికొచ్చి నాన్నకి తెలుగులో చెప్పింది: "ఈ గుంట గెంతులు తగ్గించమని తీసుకెల్తే హుషారు మందు ఇస్తానంతాదిరా ఆ దీదీ!"

డాక్టరమ్మ నవ్వి ఓపిగ్గా వివరించింది. మనసుని ఒకచోట పట్టి ఉంచే పని మెదడులో ఒక భాగానిదట. నాలో ఆ భాగం మగతగా ఉంటోందట, ఈ మందు దాన్ని మేలుకొలుపుతుందట. పొద్దున టిఫిన్ తర్వాత ఒక్కటి మింగితే కొంచెం కొంచెంగా వదులుతూ బడి వేళంతా పనిచేస్తుంది. విరవకూడదు, నూరకూడదు. పొద్దెక్కాక వేస్తే రాత్రి నిద్ర పట్టదు. ఆకలి తగ్గుతుంది, కాబట్టి బరువు చూస్తూ ఉండాలి. అత్త అన్నిటికీ తలాడించింది. మర్నాడు పొద్దున శుభ్రంగా నూరి తేనెలో కలిపి నాకించింది. మా ఇంట్లో పిల్లల మాత్ర అంటే అంతే మరి! రోజంతటి మందు ఒక్కసారే ఒంట్లో పడి నా గుండె దడదడలాడింది, బల్ల మీద కొయ్యబొమ్మలా కూర్చున్నాను. మధ్యాహ్నం దాటేసరికి మళ్లీ మామూలు. మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మ అత్తకి చీవాట్లు పెట్టింది. అప్పటినుంచి మాత్రని మాత్రలాగే మింగాను.

దానివల్ల నాకు తెలివేమీ పెరగలేదు. మొదలుపెట్టిన లెక్క అదే లెక్కగా ముగిసేది, అంతే. ఆ అంతే ఎంతో నాకు తెలుసు. పరీక్ష గట్టెక్కింది, టీసీ మాట వెనక్కి పోయింది.

ఆ ఏడు కోత పండుగకి చర్చిలో సాక్ష్యాలు చెప్పమన్నారు. దేవుడు తమకి చేసిన మేలుని సంఘం ముందు నిలబడి చెప్పుకోవడం మాలో అలవాటు. అత్త లేచింది. "మా గుంటని దేవుడు ముట్టినాడు. సంపూర్ణ స్వస్థత ఇచ్చినాడు!" అంది. అందరూ స్తోత్రం అన్నారు. కలకత్తా సంగతి మాత్రం ఎత్తలేదు. మనసు డాక్టరు అంటే మా వీధిలో పిచ్చి డాక్టరనే అర్థం.

మర్నాటి నుంచి మాత్ర ఆగిపోయింది. "ఆపమని డాక్టరు సెప్పినాదేటి అక్కా?" అని నాన్న అడిగాడు. "స్వస్థతని సంఘం ముందు సెప్పి, ఇంటికొచ్చి మందెయ్యమంతావేటిరా? దేవుడ్ని అబద్ధీకుడ్ని సెయ్యమంతావా?" అంది అత్త. మలేరియా మాత్రల్లాగే ఇదీ ఒక కోర్సు, వాడేశాం, అయిపోయింది అని కూడా ఆవిడ నమ్మకం.

కొద్ది రోజుల్లోనే నేను మళ్లీ ఇంజను కూతల వెంట పడ్డాను. హెడ్‌మిస్ట్రెస్ మళ్లీ కబురు పంపింది. అత్త ఉపవాసాలు మొదలుపెట్టింది. నాకు జరిగింది వేరు. దేవుడు నన్ను బాగు చేశాడు, నేను మళ్లీ చెడిపోయాను, అంటే చేసిన పాపం నాదే కదా? తొమ్మిదేళ్ల బుర్రకి ఇంకో దారి ఏముంది! బడి పోతుందన్న భయం కంటే ఆ భయమే పెద్దది. ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నా వంతు వచ్చినప్పుడు దేవుడికే చెప్పాను: "ప్రభువా, నువ్వు బాగు సేసినావు. నానే పాడు సేసేసినాను. అత్త సాక్ష్యాన్ని అబద్ధం సేసేసినాను. నన్ను నరకానికి పంపొద్దు."

ఆమెన్ వినపడలేదు. కళ్లు తెరిస్తే అత్త నన్నే చూస్తోంది. "ఎవులు సెప్పినారే నీకీ మాట?" అంది. "ఎవులూ నేదు," అన్నాను. అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆవిడ చప్పుడు లేకుండా ఏడవడం అదే మొదలు నేను చూడటం.

ఆ వారమే మళ్లీ కలకత్తాకి హౌరా లోకల్ ఎక్కాం. డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. ఇది జబ్బుని ఊడబెరికే మందు కాదని, ఒంట్లో ఉన్నంతసేపు సాయం చేసి సాయంత్రానికి వెళ్లిపోతుందని, మర్నాడు మళ్లీ వేసుకోవాలని చెప్పింది. ఎన్నాళ్లన్నది తను చూసి చెప్తుందట, మేము తేల్చుకునేది కాదట. తిరుగు బండిలో అత్త ఎదురొచ్చిన గూడ్సు బండిని చివరి గార్డు డబ్బాదాకా చూసింది. తర్వాత, "అయితే డ్యూటీ అన్నమాట. మీ నాన్నలాగే. ఎక్కుతాది, దిగిపోతాది," అంది. గార్డు అక్కకి అంతకంటే బాగా అర్థమయ్యే మాట ఉండదు.

ఆదివారం పాస్టరుగారు వాక్యం చెప్పడం అవగానే, ఎవరూ పిలవకుండానే అత్త లేచింది.

"పండక్కి నాను సెప్పిన సాక్ష్యం సగమే. మా గుంట కలకత్తా డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర ఏసుకున్నాది, అందుకే కుదురుగా ఉన్నాది. నాను మాత్ర ఆపీసినాను, మళ్లీ మొదటికొచ్చినాది. గుంట తప్పు ఏటీ నేదు. తప్పు నాది. డాక్టరమ్మనీ దేవుడే ఇచ్చినాడు, నాను సిగ్గుపడి దాసినాను. మీరు పిచ్చి అంతారని. ఇప్పుడు అనుకోండి."

కూర్చుంది. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారు పాట నంబరు చెప్పారు. ఎప్పుడూ ముందుగా అందుకునే అత్త ఆ రోజు పాటల పుస్తకంలో తల దూర్చింది, అంతా చెల్లాచెదురుగా పాడారు. నేను మాత్రం ఎగిరి గంతేద్దామనుకున్నాను. నరకం తప్పింది నాకు! ఆ రోజు ఆవిడ మీద పుట్టిన ప్రేమ ఇప్పటికీ తరగలేదు.

అనేవాళ్లు అన్నారు. కుళాయి దగ్గర కొన్నాళ్లు మమ్మల్ని చూసి మాటలు ఆపేసేవారు. ఒక సాయంత్రం వెనక వీధి ఆవిడ కొడుకుని రెక్క పుచ్చుకుని పెరటి గుమ్మంలోకి వచ్చింది. వాడు ఆ కాస్సేపట్లోనే మా కోడిని వెంటాడి, బకెట్టు తన్నేశాడు. "ఒదినా, ఆ డాక్టరమ్మ మా గుంటడ్ని కూడా సూస్తాదేటి?" అని అడిగింది. మా ఇంట్లో ఉన్న మాత్రల్లో ఒకటిమ్మంటే అత్త మండిపడింది: "ఒకరి మందు ఇంకొకరికి పెడతారేటి? ఈడిదీ అదే జబ్బో కాదో నీకు తెల్దు, నాకూ తెల్దు. బండెక్కు." అలా మొదలైంది. తర్వాతి ఏళ్లలో ఎవరెవరి పిల్లల్నో లోకల్లో కూర్చోబెట్టుకుని వెళ్లేది. కొందరికి మాత్ర అక్కర్లేదని డాక్టరమ్మ పంపేసేది. అప్పుడూ అత్త అంతే సంతోషించేది.

మందు నా మధ్యాహ్నం ఆకలి తినేసేది. బడికి పట్టుకెళ్లిన అన్నం డబ్బా నిండుగా తిరిగొస్తే అత్త తిట్టేది కాదు, పొద్దున మాత్రకి ముందే కడుపు నిండా పెట్టేది, రాత్రి పడుకునే ముందు ఇంకోసారి పెట్టేది. సాయంత్రం నేను గోడలెక్కడం మొదలెట్టగానే, "అది డ్యూటీ దిగిపోనాది. ఇంక నీకూ నాకూ డ్యూటీ," అని చపాతీ పిండి నా ముందుకి తోసేది. మా ఇంట్లో చపాతీలు ఏ ఆకారంలో ఉన్నా తినాల్సిందే. ఇవాళ పొద్దున కూడా ఒక మాత్ర వేసుకునే ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆదివారం ఆరాధన తర్వాత అత్తని సమాధి చేశాం. పాస్టరుగారు కొత్తాయన, చివరి ప్రార్థన చాలా పొడుగు చేశారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను ఎప్పటిలాగే తెరిచాను. గొయ్యికి అవతల, చిన్నప్పుడు అత్తతో లోకల్ ఎక్కిన ఒకామె చేతిసంచీ జిప్పు తెరుస్తోంది, మూస్తోంది. ఒకాయన బొటనవేలితో మట్టిలో గీతలు గీస్తున్నాడు. వాళ్ల పక్కన వెనక వీధి ఆవిడ కొడుకు, ఇప్పుడు నెత్తి పలచబడ్డ పెద్దమనిషి, చొక్కా గుండీ తిప్పుతున్నాడు. తిప్పగా తిప్పగా అది ఊడి, చెయ్యి జారి, గోతిలో పెట్టె మీద టక్కుమని పడింది. పాస్టరుగారు క్షణం ఆగి మళ్లీ అందుకున్నారు. అతను బిక్కమొహం వేసుకుని నన్ను చూశాడు. ఎవరూ దాన్ని తియ్యలేదు. మొదటి గుప్పెడు మట్టి పడేదాకా, నల్ల పెట్టె మీద ఆ తెల్ల గుండీ కనిపిస్తూనే ఉంది.