మేడమీది అమ్మాయి చేతులు

మా అత్తకి మోకాలు మార్చారు. విశాఖలో ఆపరేషన్ చేయించి, అనకాపల్లి తీసుకొచ్చి, ముందుగదిలో మంచం వేశాం. నాకు బడి సెలవులు కలిసొచ్చాయి. కలిసొచ్చాయని మా ఆయన అన్నాడు, నేను అనలేదు. ఐసు పెట్టడం, మాత్రలు మింగించడం, స్నానానికి పట్టుకోవడం అన్నీ నా వంతుకే వచ్చాయి.

డాక్టరు ఒక్క మాటే గట్టిగా చెప్పాడు. కుట్లు ఆరిపోయాయి, ఇక నడవాలి, ఇప్పుడు నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుంది, తర్వాత నన్నడిగి లాభం లేదన్నాడు. ఆసుపత్రిలో తొలిసారి నిలబెట్టినప్పుడు ఆవిడ కాలు వణికి నర్సు మీద వాలిపోయింది. అప్పటినుంచీ భయం పట్టుకుంది. ఆ భయానికి ఆవిడ పెట్టిన పేరు నొప్పి. వాకరు పట్టుకుని లేవడం, మంచం దాటకముందే "ఓలమ్మా, నొప్పే" అంటూ కూలబడటం, ఇదీ వరస.

నేను సబ్బవరం బడిలో టీచర్ని. ఎంత అల్లరి క్లాసునైనా కూర్చోబెట్టే గొంతు నాది. కూర్చున్న మనిషిని లేపడానికి మాత్రం అది పనికిరాలేదు.

"నువ్వరిస్తే లేత్తానేటే? నేను సేపల బజార్లో అరిసిందాన్ని" అనేది.

నిజమే. సముద్రం ఒడ్డున పుట్టి, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి, తర్వాత ఇక్కడి బజార్లో కూర్చుని అమ్మి పిల్లల్ని చదివించిన మనిషి. అన్ని ఊళ్లు తిరిగిన కాళ్లు ఇప్పుడు గుమ్మం దాటనంటున్నాయి. ఈవిడ ఇక మంచానికే అతుక్కుపోతుందేమోనని నాకు దిగులు. దిగులొస్తే నాకు కోపం కూడా వస్తుంది.

అలాంటప్పుడు మేడ దిగి వచ్చింది మా పైవాటాలో అద్దెకుండే అమ్మాయి. వాళ్లాయన పొద్దున్నే కంపెనీ బస్సెక్కి పరవాడ వెళ్లిపోతాడు. ఈ అమ్మాయి పెళ్లికి ముందు విశాఖలో రేకి నేర్చుకుందట.

"అక్కా, మామ్మగారికి రోజూ రేకి ఇస్తాను. అరచేతుల్లోంచి శక్తి వెళ్తుంది, నొప్పి తగ్గుతుంది" అంది.

అంట్లు తోమీ తోమీ నా చేతుల్లోంచి పోయినంత శక్తి ఇంకెవరి చేతుల్లోంచీ పోయి ఉండదనుకున్నాను. పైకి అనలేదు. డాక్టరుకి ఫోన్ చేస్తే, మాత్రలూ నడకా మానకుండా ఏం చేసుకున్నా పర్లేదన్నాడు.

మొదటి రోజు ఆ అమ్మాయి ప్లాస్టిక్ కుర్చీ మంచం పక్కకి లాక్కుని, కళ్లు మూసుకుని, మోకాలికి కాస్త పైన అరచేతులు ఉంచింది. మా అత్త కాసేపు చూసింది.

"తగలకుండా ఏటి తెలుత్తాదమ్మీ? మొప్ప ఎత్తి సూడకుండా సేప కొంతారా ఎవులైనా?"

ఆ అమ్మాయి నవ్వి, చేతులు మోకాలి మీదే మెల్లగా ఆనించింది. కాసేపటికి గురక మొదలైంది. నిద్రలేచాక ముఖం తేటగా ఉంది. "ఎచ్చగా ఉన్నాయే ఆ అమ్మి సేతులు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నెల్లాళ్లుగా నేను పెట్టిన ఐసు గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒళ్లు మండింది నాకు.

రేకి అయ్యాక ఆ అమ్మాయి చేతులు విదిలించి, వాకిట్లో కుళాయి దగ్గర శుభ్రంగా కడుక్కునేది. మా అత్త ఆ కడుక్కోవడాన్ని మంచం మీంచి కన్నార్పకుండా చూసేది. వీధి మొత్తానికి దిష్టి తీసే మనిషి ఆవిడ. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో పడేశాక, కాళ్లూ చేతులూ కడుక్కుంటే గానీ ఇంట్లో అడుగుపెట్టదు. నీళ్లోసుకున్న ఆడవాళ్లని ఆ ఛాయలకే రానివ్వదు. అంటే నెల తప్పినవాళ్లని. ఈ అమ్మాయి శుభ్రం నచ్చి చూస్తోంది కాబోలనుకున్నాను.

రేకితో మా అత్తకి నిద్ర పట్టేది, నవ్వు వచ్చేది. నడక మాత్రం రాలేదు. రేకి వచ్చాక ఆవిడకి ఇంకో సాకు దొరికింది కూడా. "ఆ అమ్మి వచ్చి సేతులెట్టాక సూద్దాం లే" అనేది.

ఒక మధ్యాహ్నం నెత్తళ్ల చేపల పులుసు పెట్టాను. మేడ మెట్లు దిగుతున్న ఆ అమ్మాయి సగంలో ఆగింది. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని గిర్రున పైకి వెళ్లిపోయింది. మొన్నమొన్నటిదాకా గిన్నె పట్టుకొచ్చి మరీ అడిగి పెట్టించుకున్న పిల్ల.

మా అత్త నన్ను పిలిచింది. "ఆ అమ్మికి నెల తప్పింది."

"నీకెవరు చెప్పేరు?"

"నెత్తళ్లు సెప్పేయి."

మర్నాడు పొద్దున్న ఆ అమ్మాయి మామూలుగానే వచ్చి కుర్చీ లాక్కుంది. మా అత్త కాలు దుప్పట్లోకి లాగేసుకుంది.

"వద్దమ్మీ. నొప్పి పోయింది."

"నిన్న కూడా మూలిగారు కదా మామ్మగారూ."

"నిన్నటి మాట. ఇయ్యాల లేదు."

"నాకు తెలుసు, మొహమాటపడుతున్నారు. పది నిమిషాలే, కాలు చాపండి" అంటూ ఆ అమ్మాయి దుప్పటి తీయబోయింది.

మా అత్త ఆ చెయ్యి పక్కకి తోసి, వాకరు దగ్గరికి లాక్కుని లేచింది. ఒకడుగు వేసింది. ఇంకోటి వేసింది. మంచం దాటింది, గుమ్మం దాటింది, వరండా చివరిదాకా వెళ్లి ఊచలు పట్టుకుని నిలబడింది. చట్నీ గరిటె పట్టుకుని నేను అలాగే ఉండిపోయాను. ఆవిడ మెడ మీద చెమట కారుతోంది.

"సూసేవా? నొప్పుంటే నడుత్తానా?" అంది, వెనక్కి తిరక్కుండా.

ఆ అమ్మాయి సంబరం చెప్పలేను. మామ్మగారి కాళ్లకి దణ్ణం పెట్టి, రేకి నేర్పిన గురువుగారికి ఫోన్ చేసి, వీధిలో అందరికీ చెప్పొచ్చింది. తనకి నెల తప్పిన కబురు కూడా ఆ ఊపులోనే చెప్పేసింది. మాకు తెలిసిందేనని మేం అనలేదు.

ఆ మధ్యాహ్నం ఐసు పెడుతుంటే చూశాను. మోకాలు బూరెలా పొంగి ఉంది.

"నిజం చెప్పు అత్తా. నొప్పి పోయిందా?"

"పోతే ఐసెందుకే?"

"మరి ఆ పిల్లతో అబద్ధం ఎందుకు?"

"సేతులు కడుక్కుంటాది, సూడలేదా? నొప్పి తీసినోళ్లకి అది కొంతైనా అంటుకుంటాది. ఒట్టిమనిసి కాదది. నా నొప్పి నాకలవాటే, దానికి కొత్త."

రేకి అలాంటిది కాదని చెబుదామనుకున్నాను. నా గొంతు అప్పుడు కూడా పనిచెయ్యలేదు. ఐసు సంచి పక్కన పెట్టి, ఆవిడ పాదం ఒళ్లోకి తీసుకుని కూర్చున్నాను. అత్త మీద నాకు అంత ప్రేమ ఉందని నాకే అప్పటిదాకా తెలీదు.

ఒకసారి నడిచినదానితో సరిపోలేదు ఆవిడకి. నొప్పి లేదని ఆ అమ్మాయికి రోజూ రుజువు చెయ్యాలి. కంపెనీ బస్సు వెళ్లిన చప్పుడు వినగానే లేచేది. ఆ అమ్మాయి దిగేసరికి వరండాలో పచార్లు చేస్తూ కనిపించేది. వాకరు పోయి కర్ర వచ్చింది. నెలలు నిండి ఆ అమ్మాయికి బాబు పుట్టాక, వాడికి దిష్టి తియ్యడానికి మా అత్త ఉప్పూ మిరపకాయలూ కొంగున కట్టుకుని, ఆ కర్ర కూడా లేకుండా, కమ్మీ పట్టుకుని మేడెక్కింది.

నేను వెనకే ఎక్కాను, పడితే పట్టుకుందామని. పడలేదు. దిష్టి తీసి, చేతులు కడుక్కోవడానికి ఆవిడ కుళాయి దగ్గరికి వెళ్లింది. ఆ అమ్మాయి బాబుని నా ఒళ్లో పెట్టింది.

"మీరు నమ్మలేదు గానీ అక్కా, మామ్మగారు నా చేతుల వల్లే నడిచారు" అంది.

"అవునమ్మా, నీ చేతుల వల్లే" అన్నాను. అందులో అబద్ధం ఏమీ లేదు.