చందర్ అనుమానం

సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్‌ బొగ్గుగనిలో డంపర్ నడిపే చందర్‌కు యాభై రెండేళ్లు. తాళం వేసి రెండుసార్లు లాగి చూస్తాడు. ఎవరు నవ్వినా తన గురించేనని అనుకుంటాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం భార్య శోభారాణి ఫోన్ చూస్తూ ఒక్కతే నవ్వుతుంటే అతని కనుబొమలు ముడిపడ్డాయి.

“ఎవరితోని మాట్లాడుతున్నవ్?”

“ఎవ్వరితోని కాదు. హంగేరీ సినిమా, తెలుగుల మాట్లాడుతున్నరు. నువ్వే చూడు.”

సినిమాలో, పాటగాడు కావాలనుకుని బస్సు డ్రైవరైన నడివయసు మనిషి ఒకడు, ఖాళీ సీట్లకు వంగి దండం పెట్టి పాడుతున్నాడు. మూతి బిగించుకుని కూర్చున్న చందర్ కాసేపటికి పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతుండగానే కళ్లు తడిశాయి.

“నువ్వేం కావాలనుకున్నవ్, పెండ్లికి ముందు?” అని అడిగాడు సినిమా అయిపోయాక.

పాతికేళ్లలో అతడు అడగని మాట అది. శోభారాణి అతని ముఖంలోకి అనుమానంగా చూసింది.

“ఇప్పుడెందుకు అడుగుతున్నవ్?”

చందర్ లేచి వెళ్లలేదు. ఆమె చెప్పేదాకా అక్కడే కూర్చున్నాడు.