గైర్హాజరు

మొన్న మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫిర్యాదు వచ్చింది. నాలుగో అంతస్తులో ఎవరో రోజూ సాయంత్రం ఆడమనిషి అరుపుల పాటలు పెడుతున్నారు, పిల్లలకు చెప్పి కాస్త మెల్లగా పెట్టించండి, అని. దాని కింద పదిమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నాలుగో అంతస్తులో పిల్లలెవరూ లేరు. ఉన్నది నేను, సలాబత్‌పురా బ్యాంకులో రిటైరై మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చునే ముసలిదాన్ని. ఆ పాటలు పెట్టేది నేనే.

పాడేది మా అన్న కూతురు. ఆ రకం పాటల్ని నాయిస్ రాక్ అంటారట. గోల అని వాళ్లే పేరు పెట్టుకున్నాక గోలగా ఉందని ఫిర్యాదు చేయడమేమిటో నాకర్థం కాదు. వెనక పెద్ద కంపెనీ ఏమీ లేదు. తను, వరాఛా నుంచి స్కూటీ మీద గిటారు తగిలించుకుని వచ్చే ఒక గుజరాతీ స్నేహితురాలు, ఇద్దరే చేసుకుని ఇంటర్నెట్లో పెట్టారు. తాళం వేసేవి సాంచాలు. మరమగ్గాన్ని గుజరాత్‌కు బతకొచ్చిన మా నేతవాళ్లు సాంచా అంటారు. మా అన్న పనిచేసిన షెడ్డులోనే ఫోన్లో పట్టుకొచ్చిన చప్పుడది. విన్నవాళ్లంతా ఆ పిల్ల గొంతు గురించే రాస్తారు, అంత మోటుగా, కడుపులోంచి తోడి తీసినట్టు పాడడానికి ఎక్కడ సాధన చేసిందో అని. ఒకాయనైతే తెచ్చిపెట్టుకున్న కోపం అని కూడా రాశాడు. ఆయన ఎక్కడుంటాడో నాకు తెలిస్తే బాగుండు.

ఆ సాధన ఏమిటో నేను చెబుతాను. ఇరవై ఏళ్లు సాంచాల మధ్య నిలబడేసరికి మా అన్నకు చెవులు పోయాయి. చెవులకు ఏదైనా అడ్డం ఇప్పించమంటే షెడ్డు యజమాని సేఠ్ దూది పెట్టుకొమ్మన్నాడు, అది కూడా ఇంటి నుంచే తెచ్చుకొమ్మన్నాడు. సన్నటి గొంతులు అన్నకు అందేవి కావు. మా వదిన పిలిచి పిలిచి విసుగొచ్చి కంచం మీద గరిటెతో కొట్టేది, అదీ వినపడేది కాదు. అయిదేళ్ల పిల్ల ఎలా కనిపెట్టిందో మరి, గొంతు కిందికి దించి, బొంగురు చేసి, పొట్ట బిగబట్టి "బాపూ" అంటే ఆయన తిరిగి చూసేవాడు. అన్నానికి పిలవడానికి పుట్టిన గొంతు అది. మిగతావాళ్ల మాటలు ఆయన పెదవులు చూసి తెలుసుకునేవాడు. సాంచాల మీద పనిచేసేవాళ్లందరికీ ఆ విద్య వచ్చు. నాలుగు సాంచాల అవతలున్న మనిషికి నోట్లోంచి శబ్దం రానీయకుండా అత్తగారి మీద చాడీలు కూడా చెప్పగలరు. చిన్నప్పుడు నాకూ వచ్చేది. బ్యాంకులో చేరిన కొత్తలో ఒకామె నా పెద్ద గొంతు విని "మీరు సాంచాలవాళ్లా?" అని అడిగింది. ఆ రోజు నుంచి పట్టుబట్టి మెల్లగా మాట్లాడడం నేర్చుకున్నాను, అదేదో పెద్ద చదువైనట్టు.

కరోనా వచ్చి అందరి మూతులకూ గుడ్డ కట్టింది. ఊరికి అది రక్షణ. మా అన్నకు మాత్రం లోకమంతా ఒక్కసారిగా మాట్లాడడం మానేసింది. "అందరు నన్ను జూసే మూతి మూసుకుంటున్నట్టున్నది చెల్లె," అని నవ్వేవాడు.

రెండో వేవ్‌లో అన్నకు జ్వరం, ఆయాసం పట్టుకున్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే రోగుల్ని గేటు లోపల టెంటు కింద కూర్చోబెట్టి, వెంట వచ్చిన మమ్మల్ని బయటే ఆపేశారు. ఈయనకు చెవులు వినపడవని గార్డుకు చెప్పాం. తలూపాడు. అన్న మాకు వీపు పెట్టి, నర్సు ముఖంకేసే చూస్తూ కూర్చున్నాడు, పెదవులు కనిపిస్తాయేమోనని. అక్కడున్నది మాస్కు. పేరు పిలిచారు. గేటు బయట ఉన్న మాకు వినిపించింది, ఆయనకు వినిపించలేదు.

"అత్తమ్మా, నేను పిలుస్త," అంటూ పిల్ల మాస్కు కిందికి లాగింది.

"ఇదేమన్న మన గల్లీనా? అందరు చూస్తున్నరు. జర మెల్లగ. నేను చీటీ రాసి పంపిస్త," అన్నాను.

రాశాను. ఇంగ్లీషులో, రోగి పేరు, వయసు, విషయం, కింద నా సంతకం, హోదాతో సహా. గార్డు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండోసారి పిలిచారు. నేను పిల్ల మోచెయ్యి పట్టుకునే ఉన్నాను. అరగంటలో మూడోసారి కూడా పిలిచి, నర్సు ఏదో రాసుకుని తర్వాతి పేరుకు పోయింది. అప్పుడు పిల్ల నా చెయ్యి విదిలించుకుని అరిచింది, "బాపూ" అని. టెంటు కింద తలలన్నీ తిరిగాయి, మా అన్న తల కూడా. అన్నానికి పిలిచినట్టు చెప్పులు వెతుక్కుంటూ లేచాడు. గార్డు పిల్లను నోరు మూసుకోమన్నాడు. అప్పటికే అన్న పేరుకెదురుగా గేర్‌హాజర్ అని రాసేశారు. గైర్హాజరు. మూడు గజాల దూరంలో, వాళ్ల ముఖంలోకే చూస్తూ కూర్చున్న మనిషి గైర్హాజరు. రేపు రమ్మన్నారు. మర్నాడు మంచం ఇచ్చారు. దాని మీద మూడు రోజులున్నాడు, అంతే.

ఆ ఒక్కరోజు ఆలస్యం వల్లే పోయాడని ఏ డాక్టరూ అనలేదు. కాదనీ అనలేదు. దూది పెట్టుకొమ్మన్న సేఠ్ మీద నాకు కోపం. ఆ గార్డు మీద, అది రాసిన చేతి మీద కోపం. అన్నిటికంటే ఆ చీటీ మీద కోపం. ఎంత గుండ్రంగా రాశానో ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

ఆల్బమ్‌కు పిల్ల అదే పేరు పెట్టింది, గేర్‌హాజర్ అని. చివరి పాటలో మాటలుండవు. సాంచాలు ఆడుతుంటాయి, ఒక్కసారిగా ఆగుతాయి, తర్వాత ఆ ఒక్క అరుపు. బయట పెట్టేముందు నన్నడిగింది, "నీకు బాధైతదంటే తీసేస్త అత్తమ్మా," అని.

"ఉండనియ్. నన్ను గూడ తిట్టు దాంట్ల," అన్నాను.

"తిట్టిన గద. నీకు వినపడలేదా?" అంది.

గ్రూపులో ఆ ఫిర్యాదు ఇంకోసారి చదివాను. లేచి సౌండు ఇంకో రెండు గీతలు పెంచాను. ఎంత పెంచినా ఆ అరుపు అరగంట ముందుకు మాత్రం జరగదు.